విమానంలో అమెరికాకు వెళ్లడానికి పట్టే సమయం, తిరిగి రావడానికి పట్టే సమయం ఒకటి కావెందుకు?

భూమి తిరగడం వల్లనే అని చాలామంది అనుకుంటారు. కాదు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది కనుక, విమానం ఎగురుతుండగా కింద నేల జారిపోదు.

తేడా ముఖ్యంగా గాలిది. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం వీస్తుంది. గంటకు 900 కి.మీ. వేగంతో పోయే విమానానికి 150 కి.మీ. గాలి తోడైతే నేల లెక్కన వేగం 1,050, ఎదురైతే 750. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల పుణ్యమా అని న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక విమానం ఐదు గంటల లోపే చేరింది!

అందుకే దగ్గరి దారే త్వరగా చేరే దారి కానక్కర్లేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి, గాలి తోడయ్యేలా తూర్పున పసిఫిక్ వైపు మళ్లించింది. దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది.

అసలు దగ్గరి దారి ఏదంటారా? గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. గోడ మీది పటం మనల్ని బాగానే మోసం చేస్తుంది.

దారి చుట్టు తిరగడానికి గాలి ఒక్కటే కారణం కాదు, టిబెట్ పీఠభూమి కూడా. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే ఊపిరి ఆడేందుకు విమానం సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అందుకే చాలా విమానాలు దాన్ని చుట్టుకుని పోతాయి.