బ్రిటిష్ నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ మహాభారతంలో భీష్ముడిగా వేసిన ఆఫ్రికా నటుడు ఎవరు? ఆయన నిజంగా అంత గొప్ప నటుడా?

ఆయన పేరు సోతిగి కుయాతే. గొప్ప నటుడా అని కూడా అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఉద్యోగం చేసుకుంటూనే చాలా కాలంగా పరిషత్తు నాటకాలు వేస్తున్నవాణ్ణి. ఈయన దొరికిన సినిమాలన్నీ వెతికి మరీ చూశాను. అందువల్ల కొంచెం అభిమానం కలిసే ఉంటుంది, ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

ఆయన 1936లో మాలి రాజధాని బమాకోలో పుట్టారు. కుటుంబం మూలాలు గినియాలో ఉన్నాయి. బతుకు స్థిరపడింది బుర్కినా ఫాసోలో. అప్పట్లో ఆ దేశాన్ని అప్పర్ వోల్టా అనేవారు. నటుడు కాకముందు ఫుట్‌బాల్ ఆటగాడు, ఆ దేశపు జాతీయ జట్టుకు ఆడారు. ఆ పొడవు, ఆ సన్నని ఒళ్ళు చూస్తే ఆశ్చర్యమేమీ కలగదు.

ఆయన నటన అర్థం కావాలంటే మైదానం కన్నా ముందు ఇంటి సంగతి తెలియాలి. కుయాతేలు గ్రియోలు. పశ్చిమాఫ్రికాలో మాందే ప్రజల వంశచరిత్రలు నోటికి కంఠస్థం చేసి, తరం నుంచి తరానికి అప్పగించే కులం అది. పెళ్ళిళ్ళలో, నామకరణాల్లో, రెండు ఇళ్ళ మధ్య తగవు వచ్చినప్పుడు గ్రియో మాట ఉండాల్సిందే. 13వ శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని స్థాపించిన సుంజాటా కెయితా పక్కన ఉన్న గ్రియో పేరు బల్లా ఫసేకే కుయాతే. అప్పటినుంచీ కెయితాల కథ చెప్పే హక్కు, బాధ్యత కుయాతేలవే. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారినీ, కురుమలకు బీరప్ప కథ చెప్పే ఒగ్గువారినీ చూసిన వాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కాకపోతే అక్కడ గ్రియో రాజు పక్కన నిలబడి రాజుకే బుద్ధి చెప్పగలిగాడు. మనం డక్కలివారిని ఊరి పొలిమేర దాటి లోపలికి రానివ్వలేదు.

1966లో బూబకార్ డికో అనే స్నేహితుడు ఒక చారిత్రక నాటకం వేస్తూ ఈయనను అందులోకి లాగాడు. ఆ ఏడాదే పాతిక మందితో సొంత బృందం పెట్టారు, తర్వాత తానే నాటకాలు రాశారు. పీటర్ బ్రూక్ కంటపడింది మాత్రం సినిమా వల్ల. బానిసల వేట నేపథ్యంగా తీసిన ఒక సినిమాలో ఈయన్ని చూసి 1980ల మొదట్లో బ్రూక్ పారిస్‌కు పిలిపించాడు. అక్కడ మొదలైన సహవాసం ఇరవై ఏళ్ళకు పైగా సాగింది.

ఇక మీరు చూసిన మహాభారతం. 1985లో ఫ్రాన్స్‌లోని అవిన్యోఁ నాటకోత్సవంలో, ఊరి బయట ఒక పాత రాతి క్వారీలో, దాదాపు తొమ్మిది గంటల ప్రదర్శనగా మొదలైంది. 1989లో సినిమాగా వచ్చింది. నటులు ఎక్కడెక్కడి వాళ్ళో: ద్రౌపది మన మల్లికా సారాభాయ్, ద్రోణుడు జపాన్‌కు చెందిన యోషి ఓయిదా, భీముడు సెనెగల్‌కు చెందిన మమదూ జ్యూమే. సోతిగి భీష్ముడితో పాటు పరశురాముడి వేషం కూడా వేశారు. గురువూ ఆయనే, ఆ గురువుతో తలపడిన శిష్యుడూ ఆయనే అన్నమాట. బ్రూక్ కావాలనే అలా చేశాడో, మనుషులు చాలక చేశాడో గాని, నాకు మాత్రం తగినట్టే అనిపించింది.

ఆ సినిమాను ఒకసారి మా బృందంలో వాళ్ళకు వేసి చూపించాను. మాతో పాటు పద్యనాటకాల్లో పండిపోయిన ఒక పెద్దాయన కూర్చున్నారు. భీష్ముడంటే ఆయనకు 1962 నాటి ఎన్టీ రామారావే. కిరీటం, భుజకీర్తులు, ప్రతిజ్ఞ చేసేటప్పుడు కొండలు అదిరే గొంతు ఉండాలి. తెర మీద చూస్తే కిరీటం లేదు, నగలు లేవు. సన్నగా, ఎత్తుగా ఒక నల్లని మనిషి తన యాసలోనే ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు, అదీ తొందర లేకుండా. "పద్యం లేని భీష్ముడేమిటయ్యా" అని పెద్దాయన మొదటి అరగంటలోనే తీర్పు చెప్పేశారు. సినిమా అయ్యాక కూడా తీర్పు మార్చుకోలేదు. అయితే చివర్లో ఒక మాటన్నారు: "మాట్లాడనప్పుడు బాగున్నాడు." ఆయన వెక్కిరింపుగానే అన్నారు గాని, నా లెక్కలో అంతకు మించిన విమర్శ లేదు. నిండు సభలో కోడలికి అవమానం జరుగుతుంటే నోరు మెదపని భీష్ముణ్ణి నటించడానికి గొంతు ఏం చేస్తుంది? పెద్ద మనిషి ఊరుకుంటే ఆ ఊరుకోవడం సభ మొత్తానికి వినపడాలి. సోతిగికి అది వచ్చు.

బహుముఖ నటుడు అన్నప్పుడు మనకు వేషాలు గుర్తొస్తాయి: ఒక సినిమాలో గూని, ఇంకో సినిమాలో మూడు పాత్రలు. ఈయన ఆ కోవ కాదు. ఏ పాత్రలోనైనా అదే నడక, అదే నిదానం, అవే పొడుగాటి వేళ్ళు. మారేది చుట్టూ ఉన్న ప్రపంచం. 1990లో బ్రూక్ షేక్‌స్పియర్ 'టెంపెస్ట్'ను వేసినప్పుడు దీవిని ఏలే మాంత్రికుడు ప్రాస్పెరో ఈయనే. అతనికి ఊడిగం చేసే కాలిబన్ పాత్రను ఒక ఐరోపా నటుడికిచ్చారు. వలస పాలన గురించి పేజీలకు పేజీలు రాసినా రాని దెబ్బ అది. 2004లో తియెర్నో బొకార్ అనే సూఫీ గురువుగా వేశారు. ఒక ప్రార్థనను పదకొండుసార్లు చదవాలా పన్నెండుసార్లా అన్న తగవు మీద ఊళ్ళు చీలిపోయి, మనుషులు చచ్చిపోయిన కథ. నామం నిలువా అడ్డమా అని కొట్టుకున్న చరిత్ర మనకూ ఉంది కాబట్టి ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

నాకు ఇష్టమైనది మాత్రం 'కెయితా'. 1995లో సొంత కొడుకు దానీ కుయాతే తీసిన సినిమా. పల్లె నుంచి ఒక ముసలి గ్రియో పట్టణంలో ఉన్న కెయితాల ఇంటికి వస్తాడు. పెరట్లో ఊయల కట్టుకుని పడుకుంటాడు. బడికి పోయే పిల్లవాడు మాబోను కూర్చోబెట్టుకుని సుంజాటా కథ మొదలుపెడతాడు. పిల్లవాడు బడి ఎగ్గొట్టడం మొదలుపెడతాడు, తల్లి తల పట్టుకుంటుంది, మాస్టారు పోట్లాటకు వస్తాడు. ముసలాయన కోపగించుకోడు, నీ ఇంటిపేరు సంగతి నీకు తెలుసా అని అడుగుతాడు. మాస్టారికి తెలియదు. ఇక్కడ సోతిగి నటిస్తున్నారా, ఇంట్లో ఎప్పుడూ చేసే పనే చేస్తున్నారా అన్నది చెప్పడం కష్టం. చివరికి ఆ ముసలాయన కథ పూర్తి చేయకుండానే వెళ్ళిపోతాడు. మా వాళ్ళలో ఒకరిద్దరికి అది నచ్చలేదు, డబ్బులు వాపసు ఇవ్వమన్నట్టు మాట్లాడారు. నాకైతే నచ్చింది.

2001లో 'లిటిల్ సెనెగల్' వచ్చింది. సెనెగల్‌లోని గోరే దీవిలో 'బానిసల ఇల్లు' అనే మ్యూజియం చూపించే ముసలి గైడు, తన పూర్వీకుల సంతతిని వెతుక్కుంటూ అమెరికాకు పోయే కథ. అదే దర్శకుడు రషీద్ బూషారెబ్ 2009లో తీసిన 'లండన్ రివర్'కు బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఈయనకు ఉత్తమ నటుడిగా వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) బహుమతి వచ్చింది. 2005 జూలై బాంబు పేలుళ్ళ తర్వాత లండన్‌లో ఒక తల్లి కూతురి కోసం, ఒక తండ్రి కొడుకు కోసం వెతుకుతుంటారు. ఆ తండ్రి ఫ్రాన్స్ అడవుల్లో చెట్లు చూసుకునే మనిషి, కొడుకును చిన్నప్పుడు చూడటమే. మొదటిసారి కలిసినప్పుడు ఈయన చెయ్యి చాపితే ఆమె అందుకోదు. ఆ చెయ్యి వెనక్కి తీసుకునే తీరు చూడండి. నొచ్చుకున్నట్టు చూపించరు, అలవాటైనట్టు చూపిస్తారు. మా కుర్ర నటులకు అవమానం ఎలా నటించాలో చెప్పాల్సి వస్తే ఇప్పటికీ ఆ ముక్క వేసి చూపిస్తాను.

మరుసటి ఏడాది, 2010 ఏప్రిల్‌లో పారిస్‌లో పోయారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా, ముందు 'కెయితా' చూడండి, తర్వాత 'లండన్ రివర్'. మహాభారతం మీరు చూసింది మూడు గంటల కుదింపే అయి ఉంటే, ఐదు గంటలకు పైగా సాగే టీవీ రూపం వెతికి పట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూసేటట్టయితే పద్యాలు ఉండవని ముందే చెప్పండి.