డయాలసిస్ రోజుల్లో పూజ, పారాయణ: ఒక పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి నాయనకు,

ఆశీస్సులు. కిడ్నీలు పాడై బస్సు ఉద్యోగం పోయాక పొద్దు గడవడం లేదనీ, దేవుడి వైపు మనసు మళ్ళించుకోవాలని ఉందనీ రాశావు. మంచిదే. కానీ పూజని డ్యూటీ చార్టులా పెట్టుకోకు. ఉద్యోగం పోయినవాళ్ళు చాలామంది తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు, లక్ష జపం మొక్కుకుంటారు. పది రోజులకే ఓపిక చాలక ఆపేసి, "దేవుడికి కూడా పనికిరాకుండా పోయాను" అని కుమిలిపోతారు. అప్పటికున్న దిగులు చాలక ఇదొకటి.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మిషను మీద ఎలాగూ ఉంటావు. పారాయణ అక్కడే పెట్టుకో, అదీ మొదటి రెండు గంటల్లో. చివరికొచ్చేసరికి బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం ఎక్కువ, మనసు నిలవదు. విష్ణు సహస్రనామం అరగంట పడుతుంది. సూదులున్న చేయి కదపకూడదు కాబట్టి పెద్ద పుస్తకం వద్దు, రెండో చేత్తో పట్టుకునే చిన్నది చాలు. చదవలేని రోజు ఇయర్‌ఫోన్ పెట్టుకుని విను. మధ్యలో నిద్రపట్టేస్తే పట్టనీ, మళ్ళీ మొదటి నుంచి చదవక్కర్లేదు.

సహస్రనామమే ఎందుకంటావా? అది చెప్పిన భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు. లేవలేడు, విల్లు పట్టలేడు. ధర్మరాజు వచ్చి అడుగుతుంటే తనకు తెలిసింది చెప్పాడు, అంతే. ఆయన గెలిచిన యుద్ధాలు ఎన్నో చెప్పమంటే మనలో ఎవరూ చెప్పలేరు గానీ, ఆ పడక మీద చెప్పిన మాట ఇంటింటా ఉంది. నిన్నూ అడిగేవాళ్ళు ఉంటారు. యూనిట్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి సూదికే ప్రాణం పోయినంత భయం. ఆరోగ్యశ్రీ కాగితాలు ఎక్కడ ఇవ్వాలో తెలియదు, తాగే నీళ్ళు ఎలా తగ్గించాలో తెలియదు. మిషను ఎక్కే ముందు పావుగంట వాళ్ళ పక్కన కూర్చో. మందుల సంగతి మాత్రం డాక్టరుకే వదిలెయ్యి.

"ఏ జన్మ పాపమో" అనే చుట్టాలు వస్తారు. షుగరు, బీపీ ఏళ్ళ తరబడి అదుపు తప్పితే కిడ్నీలు పోతాయి, దానికి పోయిన జన్మ దాకా పోనక్కర్లేదు. వాదించకు, కాఫీ ఇచ్చి పంపించు.

ఇక ఉపవాసం. అసలు ప్రమాదం ఇక్కడే. ఏకాదశికి అన్నం మానేసి పండ్లు, పాలు, కొబ్బరి నీళ్ళు తీసుకుంటే పుణ్యమనుకుంటాం. డయాలసిస్ మనిషికి అవే చేటు. అరటిపండులో, కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. అది ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందుగా ఏ సూచనా ఉండదు. పాలల్లో ఫాస్ఫరస్ ఉంటుంది. పైగా ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకపోతే షుగరు పడిపోతుంది. అందుకని అన్నం మానకు. వ్రతం ఉండాలనిపిస్తే ఆ రోజు టీవీ, కోపం మానెయ్యి, అది ఇంకా కష్టం! గుళ్ళో ఉద్ధరిణెడు తీర్థం, తులసి దళం పరవాలేదు, ఆ నీళ్ళు నువ్వు రోజూ తాగే నీళ్ళ లెక్కలో వేసుకో. అరటిపండు, కొబ్బరి ముక్క కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇచ్చెయ్యి.

ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్న చేతికి తోరం, రక్షాకంకణం కట్టించుకోవద్దు. బిగిస్తే రక్తప్రసారం తగ్గి ఫిస్టులా మూసుకుపోవచ్చు. పూజారిని రెండో చేతికి కట్టమను. సాష్టాంగ నమస్కారం చేసి లేచేటప్పుడు బరువు ఆ చేతి మీద పడుతుంది, నిలబడే దణ్ణం పెట్టుకో. డయాలసిస్ అయిన సాయంత్రం ప్రదక్షిణాలు వద్దు, కళ్ళు తిరుగుతాయి.

తిరుమల వెళ్ళాలని ఉందన్నావు. వృద్ధులకు, దివ్యాంగులకు, దీర్ఘకాలిక రోగులకు టీటీడీ ఆన్‌లైన్‌లో వేరే కోటా ఇస్తుంది. నెలల ముందే అయిపోతుంది, ఇప్పటి నుంచే చూడు. అలిపిరి మెట్ల జోలికి పోకు. నీది సోమ, బుధ, శుక్రవారాలు కాబట్టి మంగళవారం గానీ గురువారం గానీ దర్శనానికి పెట్టుకో. శని, ఆదివారాలు వద్దు. అప్పుడు డయాలసిస్‌కి రెండు రోజుల ఎడం వస్తుంది, అప్పుడే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగేది. డాక్టరు సర్టిఫికెట్, ఆధార్ దగ్గర పెట్టుకో. తోడుగా అమ్మాయిని తీసుకెళ్ళు, తోపులాటలో ఫిస్టులా చేతి వైపు తను నడుస్తుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ