బాయి దిగనంటున్న భర్త: అన్‌ఫిట్ కాగితం ఇప్పుడే వద్దు

ప్రశ్న: మాది గోదావరిఖని. మావారికి 44 ఏళ్లు, భూగర్భ గనిలో (బాయిలో) పని. ఏడు నెలల కింద పైకప్పు కూలి పక్కనున్న తోటి కార్మికుడు చనిపోయాడు. ఈయనకు చిన్న దెబ్బలే. అప్పటి నుంచి బాయి దిగట్లేదు. రాత్రిళ్లు అరుస్తూ లేస్తారు, కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడతారు, పిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నారు. మెడికల్ షాపులో తెచ్చిన ఆల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్రలు వేసుకుంటారు, పైన మందు. గాలి సోకిందని మా అత్తమ్మ తాయెత్తు కట్టించింది. ఇక పనికి తగడని డాక్టర్లతో రాయించుకుని అన్‌ఫిట్ చేయించుకుంటే కొడుక్కి నౌకరీ వస్తదని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తాయెత్తు ఉండనివ్వండి. ప్రమాదమంతా ఆ మాత్రలు, మందు కలవడంలో ఉంది. రెండూ కలిస్తే నిద్రలో ఊపిరి మందగిస్తుంది. అలాగని మీరు దాచిపెట్టి ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించాలి.

మీరు రాసినవి పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ప్రమాదం తర్వాత మనసును వదలని భయం జబ్బు లక్షణాల్లా ఉన్నాయి. సైకియాట్రిస్టు చూసి తేల్చాలి. ఇలాంటివి నెల దాటినా తగ్గకుండా బతుకును అడ్డుకుంటుంటే దాన్ని జబ్బుగానే చూస్తారు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1980లోనే దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. ఆయనది పిరికితనం కాదని అత్తమ్మకు, మరిదికి గట్టిగా చెప్పండి.

బాయికి వెళ్లని ప్రతి పూటా ఆయనకు ఊరట దొరుకుతుంది. ఆ ఊరటే భయానికి మేత. 'వెళ్లలేదు కాబట్టే బతికాను' అని మెదడు నేర్చుకుంటుంది. అన్‌ఫిట్ ఇప్పుడే వద్దనేది అందుకే. పైగా కొడుకు నౌకరీ తన జబ్బు మీద ఆధారపడితే కోలుకోవడానికే ఆయన జంకుతారు. డాక్టరు సర్టిఫికెట్‌తో కొన్నాళ్లు సర్ఫేస్ డ్యూటీ (గని పైన, నేల మీద పని) అడగండి. బాయి దిగాలా వద్దా అన్నది చికిత్స అయ్యాక ఆయనే తేల్చుకుంటారు.

బాగా పరీక్షకు నిలిచిన చికిత్సల్లో సైకాలజిస్టు ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (తప్పించుకుంటున్న భయాన్ని మెల్లగా ఎదుర్కొనేలా చేయడం) ఒకటి. వారానికొకటి చొప్పున 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కోటి గంటన్నర దాకా. కళ్లు మూసుకుని, ఆ ప్రమాదం ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పిస్తారు. అది రికార్డు చేసి రోజూ ఇంట్లో వినమంటారు. ఇది శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరే జరగాలి. ఇంట్లో మీరు కూర్చోబెట్టి 'ఆ రోజు ఏమైంది' అని అడగొద్దు.

ఈ చికిత్సలో రెండో భాగం, భయపెట్టే పనులను మెట్లు మెట్లుగా చేయడం. భయానికి 0 నుంచి 100 మార్కులు ఆయననే వేయమంటారు. ఇంట్లో హెల్మెట్, బూట్లు వేసుకుని కూర్చోవడం 30 కావచ్చు, షిఫ్ట్ మారే వేళ గేటు బయటి హోటల్లో చాయ్ 50, గని లైట్లు ఇచ్చే ల్యాంప్ రూం దాకా నడవడం 70. కింది మెట్టుతో మొదలుపెట్టి, భయం దాదాపు సగానికి దిగేదాకా ముప్పావుగంట అక్కడే ఉండాలి. అదే మెట్టు తేలికయ్యేదాకా రోజూ చేయాలి. భయం నడినెత్తిన ఉండగా లేచొచ్చేస్తే అది మరింత ముదురుతుంది. తాగి వెళ్తే మెదడు ఏమీ నేర్చుకోదు. మొదట మీరు తోడు వెళ్లినా, తర్వాత ఒక్కరినే పంపండి. బాయిలో నిజమైన ప్రమాదం ఉంటుంది కాబట్టి లోపలికి దిగడం అన్నిటికన్నా చివర, అధికారులతో మాట్లాడాకే.

మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వంటివి వాడతారు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే 'పనిచేయట్లేదు' అని ఆపేయొద్దు. ఆల్ప్రాజోలం ఈ జబ్బును నయం చేయదు.

రాత్రి అరిస్తే పట్టుకుని ఊపకండి, నిద్రమత్తులో చెయ్యి విసురుతారు. లైటు వేసి దూరం నుంచి పేరుతో పిలిచి, 'ఇది మన ఇల్లు, నేనిక్కడే ఉన్నా' అనండి. పిల్లల పడక వేరే గదిలోకి మార్చండి. కొట్టడాన్ని మాత్రం జబ్బు పేరుతో ఓర్చుకోవద్దు. చెయ్యి లేచిన క్షణమే పిల్లలను తీసుకుని పక్కింటికి వెళ్లండి.

ఈ వారమే సైకియాట్రిస్టుకు చూపించండి. వరంగల్ ఎంజీఎంలో మానసిక విభాగం ఉంది. మాత్రల షీటు తీసుకెళ్లండి, రోజుకెన్ని వేసుకుంటున్నారో, ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి. చనిపోవాలనిపిస్తోందా అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.