నీడిల్ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నైట్రో కారు, అదే ఇంధనం పోసి రిమోట్‌తో నడిపే చిన్న కారు, కొన్నావనీ, పెట్టె విప్పకుండానే అటక మీద పెట్టేశావనీ మీ అమ్మ చెప్పింది. ఈ వయసులో బొమ్మ కారేమిటని ఎవరైనా అంటారని జంకుతున్నావట. అది బొమ్మ కాదురా. 3.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతుంది. క్లచ్చి, బ్రేకు, కార్బురేటరు అన్నీ ఉన్న యంత్రం. దానికి కావలసిన ఓపిక పిల్లలకు ఉండదు. నీకిప్పుడుంది. పెట్టె కిందకి దించు.

ఉత్త వేగమే కావాలంటే కరెంటు కారు కొనుక్కోవచ్చు. ఈ రోజుల్లో అవే ఎక్కువ వేగంగా పోతాయి, బ్యాటరీ పెడితే చాలు. నైట్రోలో ఆనందం వేరే చోట ఉంది. ఇంజన్ నీ చేతి కింద కుదురుకుని, చప్పుడు మారి, వెనక సన్నటి నీలం పొగ వదులుతూ దూసుకుపోయే క్షణం కోసం ఎన్ని సాయంత్రాలైనా ఖర్చు పెట్టొచ్చు.

నా మొదటి ఇంజన్ మొదటి రోజే పోయింది. ఎలా పోయిందో చెప్తాను, ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. కారు మందకొడిగా పోతోంది, పొగ ఎక్కువగా వస్తోంది. హై స్పీడ్ నీడిల్, అంటే పూర్తి వేగంలో ఇంజన్‌కి ఎంత ఇంధనం వెళ్లాలో సరిచేసే కార్బురేటరు మీది మర, కొద్దిగా బిగించాను. పరుగు పెరిగింది. ఇంకొంచెం బిగించాను, ఇంకా పెరిగింది. పొగ పోయింది, కూత సన్నగా, పదునుగా మారింది. ఆ చప్పుడు నాకు ఎంత నచ్చిందో! రెండు నిమిషాల్లో ఆగిపోయింది. చల్లారాక స్టార్ట్ చేసే తాడు లాగితే పిస్టన్‌కి పట్టే లేదు, కంప్రెషన్ మొత్తం పోయింది.

కారణం తర్వాత తెలిసింది. ఈ ఇంజన్‌లో ఆయిల్ విడిగా ఉండదు. మిథనాల్, నైట్రోమీథేన్‌లతో కలిసి ఇంధనంలోనే వస్తుంది. నీడిల్ బిగించి ఇంధనం తగ్గిస్తే ఆయిలూ తగ్గుతుంది, లోపలికి వెళ్లే చల్లదనమూ తగ్గుతుంది. దాన్నే లీన్ అంటాం. చెడిపోయే ముందు ఇంజన్ అన్నిటికంటే బాగా పరిగెత్తుతుంది, అందుకే అందరూ మోసపోతారు. నువ్వు ఎప్పుడూ రిచ్ వైపు నుంచే, అంటే ఇంధనం ఎక్కువగా వెళ్లే వైపు నుంచే రా. ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతు తిప్పు, రెండు మూడు సార్లు అటూ ఇటూ పరిగెత్తించు, విను, అప్పుడు మళ్లీ ముట్టుకో. ఇంజన్ పైభాగం, అదే హెడ్, మీద ఒక నీటి చుక్క వేసి చూడు. మూడు నాలుగు సెకన్లలో చిటపటలాడుతూ ఆవిరైతే బాగున్నట్టు. పడగానే ఎగిరిపోతే కారు ఆపి నీడిల్ వదులు చెయ్యి. చలిగా ఉన్న రోజున గాలి చిక్కగా ఉంటుంది, నిన్నటి సెట్టింగ్ ఇవాళ లీన్ అవుతుంది. ఇది మాత్రం మర్చిపోకు.

కొత్త ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చేసరికి బిగుసుకుంటే కంగారు పడకు. పిస్టన్ కదిలే గొట్టాన్ని స్లీవ్ అంటారు, దాని పైభాగం కావాలనే కాస్త ఇరుకుగా చేస్తారు, వేడికి వ్యాకోచించాక సరిగ్గా అమరుతుంది. అందుకే చల్లటి ఇంజన్ తాడు గుంజొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్‌ని వెచ్చబెట్టి అప్పుడు స్టార్ట్ చెయ్యి. మొదటి ఐదారు ట్యాంకులు రిచ్‌గా, మధ్య మధ్యలో చల్లారనిస్తూ నడుపు. ఆపిన ప్రతిసారీ ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని కిందకి దించి పెట్టు. తాడు అస్సలు కదలకపోతే లోపల ఇంధనం నిండిందన్నమాట, బలవంతం చెయ్యకు. హెడ్‌లో ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్ విప్పి, కారు తలకిందులు చేసి లాగితే బయటకి వచ్చేస్తుంది.

మిథనాల్ విషం. చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళ్తుంది, గ్లౌజులు వేసుకో. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. మూసిన గదిలో ఇంజన్ నడపకు, డబ్బా పిల్లలకు అందేలా పెట్టకు. స్టార్ట్ చేసే ముందు, చక్రాలు నేల నుంచి పైకెత్తి, రిమోట్ ఆఫ్ చేసి చూడు. థ్రాటిల్‌నీ బ్రేకునీ కదిపే చిన్న మోటారు, అదే సర్వో, బ్రేకు మీదకి వెళ్లాలి. వెళ్లకపోతే ఫెయిల్ సేఫ్, అంటే సిగ్నల్ పోతే కారుని ఆపే ఏర్పాటు, సరిచేసేదాకా కారు నేల మీద పెట్టొద్దు. సిగ్నల్ పోయిన కారు ఎవరి కాళ్లకి తగులుతుందో చెప్పలేం.

ఎంత అలసిపోయినా కారు అలాగే వదిలేసి పడుకోకు. మిథనాల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, రాత్రికి రాత్రే బేరింగులకి తుప్పు మొదలవుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం కాలిపోయేదాకా నడిపి, గ్లో ప్లగ్ రంధ్రంలోంచి నాలుగు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్, అంటే తుప్పు పట్టకుండా వేసే నూనె, వెయ్యి. గాలి ఫిల్టర్ కడిగి, ఆరాక నూనె పట్టించు. 10 నిమిషాల పరుగుకి గంట పని. నాకైతే ఆ గంటే ఇష్టం.

మొదటి ట్యాంకు పోసే రోజు ఫోన్ చెయ్యి. ఫోన్ కారుకి కాస్త దగ్గరగా పట్టుకో చాలు, చప్పుడు విని నీడిల్ ఎటు తిప్పాలో చెప్తాను.

ఇట్లు,
మావయ్య