వాళ్ల ఎనభైలు, మన గొడవ

పోయిన సంచికలో ఒక పాఠకుడు ‘రెడీ ప్లేయర్ వన్ నవల చదవచ్చా?’ అని అడిగితే, ‘మొదటి వంద పేజీలు హాయిగా చదవండి, ఆ తర్వాత పాత సామాన్ల కొట్టు చిట్టాలా ఉంటుంది’ అని రెండు ముక్కల్లో తేల్చేశాను. తప్పయిపోయింది. వచ్చిన ఉత్తరాల్లో సగం నన్ను తిడుతున్నాయి, మిగతా సగం నన్ను తిట్టబోయేవాళ్లను ముందే ఊహించుకుని వాళ్లను తిడుతున్నాయి. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే.

చదవనివాళ్ల కోసం కథ: ఇది 2011లో ఎర్నెస్ట్ క్లైన్ రాసిన అమెరికన్ నవల. 2040ల్లో లోకం బాగా చితికిపోయి ఉంటుంది, జనం కళ్లకు అద్దాలు తగిలించుకుని ఒయాసిస్ అనే వర్చువల్ లోకంలో బతుకుతుంటారు. దాన్ని కట్టిన హాలిడే అనే కోటీశ్వరుడు చనిపోతూ, ‘లోపల ఒక ఈస్టర్ ఎగ్ (గేములో ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టే రహస్యం) దాచాను, దొరికించుకున్నవాడికే నా ఆస్తి’ అని వీలునామా వదులుతాడు. ఆధారాలన్నీ ఆయన చిన్నప్పుడు పిచ్చిగా ఇష్టపడ్డ 1980ల సినిమాల్లో, వీడియో గేముల్లో ఉంటాయి. ట్రెయిలర్ ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తీలో ఉండే వేడ్ అనే కుర్రాడు వేటలో దిగుతాడు. 2018లో స్పీల్‌బర్గ్ దీన్ని సినిమాగా తీశాడు.

ఇక ఉత్తరాలు.

మీరు పెద్దాయనలా మాట్లాడారు సార్. నేను 2004లో పుట్టాను, అమెరికా ఎనభైల గురించి నాకేమీ తెలియదు. అయినా రెండు రాత్రుల్లో పుస్తకం పూర్తిచేశాను. ఏమీ తెలియనివాడికి కూడా నచ్చుతోందంటే అది నోస్టాల్జియా, అంటే పాతరోజుల మీద మోజు, దాని మీద నడవడం లేదనేగా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

పెద్దాయనలా కాదు నాయనా, పెద్దాయన్నే. కానీ నీ ప్రశ్న మంచిది. ఇలాంటి పుస్తకాన్ని పరీక్షించాలంటే నీలాంటి పాఠకుడే కావాలి. అమెరికాలో నలభై దాటినవాడికి ఆ పేర్లు చదివితేనే కడుపు నిండిపోతుంది. మనకలా నిండదు కాబట్టి, పేరు తీసేసినా సన్నివేశం నిలబడుతోందా లేదా అన్నది మనకే బాగా తెలుస్తుంది.

రెండు చోట్లు చెప్తాను, నువ్వే చూసుకో. ఆ ఈస్టర్ ఎగ్ దాకా దారితీసే మొదటి తాళంచెవి కోసం వేడ్ ఒక సమాధిలోకి దిగుతాడు. లోపల సింహాసనం మీద ఒక ప్రేతరాజు. కత్తి దూస్తాడేమో అనుకుంటే, జౌస్ట్ ఆడదాం రమ్మంటాడు. అది 1982 నాటి గేము, నిప్పుకోళ్ల మీద ఎక్కిన వీరులు గాల్లో ఢీకొంటారు, ఎవరి బల్లెం పైన ఉంటే వాడు గెలిచినట్టు. ఆ గేము పేరు నేను పుస్తకంలోనే మొదటిసారి విన్నాను. అయినా చేతులు చెమటలు పట్టాయి. ఎందుకంటే కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు, ఒయాసిస్‌లో వేరే గ్రహానికి వెళ్లే చార్జీ కూడా లేదు, ఆ సమాధి తన బడి ఉన్న గ్రహం మీదే ఉండబట్టి అక్కడిదాకా రాగలిగాడు. ఓడిపోతే మళ్లీ ఏమీ లేని బతుకే.

తర్వాత వార్‌గేమ్స్ అనే 1983 సినిమా ఘట్టం. వేడ్ ఆ సినిమాలో హీరో అయిపోయి, ఆ డైలాగులు పొల్లుపోకుండా అప్పజెప్పాలి. అప్పజెప్తాడు. మార్కులు పడతాయి. అంతే, అక్కడింకేమీ లేదు. నువ్వు రెండు రాత్రుల్లో చదివావు కదా, ఆ పేజీలు నిజంగా చదివావా, తిప్పేశావా? నేనైతే తిప్పేశాను.

సైన్స్ ఫిక్షన్ అంటే రేపటి గురించి కదండీ. నిన్నటిని పట్టుకుని వేళ్లాడేదాన్ని ఆ పేరుతో పిలవడమేమిటి?
– బ్యాంకు ఉద్యోగిని, వరంగల్

అలాగైతే ముందు స్టార్ వార్స్‌ని ఇంట్లోంచి గెంటేయాల్సి వస్తుంది. జార్జ్ లూకస్ చిన్నప్పుడు టీవీలో చూసిన ఫ్లాష్ గోర్డన్ సీరియల్స్‌ని మళ్లీ తీయాలనుకున్నాడు, హక్కులు దొరకలేదు, సొంతంగా ఒకటి అల్లుకున్నాడు. 1977లో వచ్చిన ఆ సినిమా మొదట్లో అక్షరాలు పైకి పాకుతూ పోతాయే, అది కూడా ఆ పాత సీరియల్స్ నుంచి తెచ్చుకున్నదే. పోగొట్టుకున్నదాని మీద ఆశతోనే అంత కొత్త వస్తువు పుట్టింది, కాబట్టి నోస్టాల్జియా అనగానే ముక్కు మూసుకోనక్కర్లేదు.

అన్నట్టు ఆ మాట మొదట జబ్బు పేరు. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, ఊరికి దూరమై చిక్కి శల్యమైపోయేవాళ్ల గురించి రాస్తూ ఆ పేరు పెట్టాడు. మన భాషలో దానికి చక్కటి మాట ఎప్పట్నుంచో ఉంది: బెంగ. హాస్టల్లో వేసిన మొదటివారం పిల్లవాడు అన్నం మానేస్తే ‘ఇంటి మీద బెంగపెట్టుకున్నాడు’ అంటాం చూడండి, అదే.

వేడ్ ఒంటరి, పేదవాడు. ఏళ్ల తరబడి కూర్చుని చదివి పెద్ద కంపెనీని ఓడించాడు. మా పిల్లలకు నేను ఈ కథ చెప్తుంటాను. కష్టపడితే ఫలితం వస్తుందని చెప్పే పుస్తకాన్ని పాత సామాన్ల కొట్టు అనడం న్యాయమేనా?
– ఈఏపీసెట్‌కి ఫిజిక్స్ చెప్పే మాస్టారు, గుంటూరు

మాస్టారూ, మీరు ఈ ఉత్తరం రాయకపోతే నాకీ సంగతి తట్టేదే కాదు. ఒక్కసారి మీ క్లాసులో నిలబడి ఈ కథ చూడండి. సిలబస్ ఉంది: హాలిడే రాసిపెట్టిన వెయ్యి పేజీల నోట్సు. ర్యాంకు బోర్డు ఉంది, ఎవరికెన్ని పాయింట్లో లోకమంతా చూస్తుంటుంది. ఎదురుగా ఆ ఆస్తి కోసం పోటీపడే ఐఓఐ అనే కంపెనీ అచ్చం కార్పొరేట్ కాలేజీయే, అక్కడ వేటగాళ్లకు పేర్లుండవు, ఆరుతో మొదలయ్యే నంబర్లుంటాయి, వెనక గదిలో కూర్చున్న నిపుణులు వాళ్ల చెవుల్లో జవాబులు ఊదుతుంటారు. ఇటువైపు మనవాడు, కోచింగ్‌కి డబ్బుల్లేక ఇంట్లో కూర్చుని బట్టీపట్టినవాడు. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం వాళ్ల హోలీ గ్రెయిల్ సినిమాని 157 సార్లు చూశానని తనే చెప్పుకుంటాడు. ఇష్టమై చూశాడా? మొదట్లో అయుండొచ్చు. 157వ సారి మాత్రం పరీక్ష కోసమే.

నాకు ఈ నవలలో అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే. చచ్చిపోయిన ఒక ధనవంతుడి చిన్నతనం ఒక తరం మొత్తానికి ఎంట్రన్స్ సిలబస్ అయిపోవడం. ఎంత భయంకరమైన ఊహండీ అది! అమ్మానాన్న లేని పిల్లవాడు తన సొంత రోజులు వదిలేసి, అరవై ఏళ్లనాటి ఎవరిదో బాల్యాన్ని కంఠస్థం చేస్తుంటాడు. 2040ల్లో పుట్టిన కొత్త పాటంటూ ఒక్కటి కూడా ఆ నవలలో నాకు గుర్తుండలేదు. బెంగ హాలిడేది, బట్టీ వీళ్లది. తన చేతిలో ఇంత పెద్ద కథ ఉందని క్లైన్‌కి అప్పుడప్పుడు అనుమానం వస్తుంది, వచ్చిన వెంటనే ఇంకో కారు పేరో గేము పేరో చెప్పి దాటేస్తాడు. నా కోపం దాని మీద. పాత వస్తువులు ఉన్నందుకు కాదు.

మీ పిల్లలకు ఈ కథ చెప్పండి, వద్దనను. చెప్పాక, వేడ్ గెలిచిన మర్నాటి నుంచి ఆ బట్టీ పట్టినదంతా దేనికి పనికొస్తుందో వాళ్లనే అడగండి. ఏమన్నారో నాకు రాయండి.

పాతికేళ్ల కిందట విజయవాడ నుంచి వచ్చాం. మా ఆఫీసులో అమెరికన్లు ఎనభైల్లో జరిగే స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్ చూసి కళ్లు తుడుచుకుంటారు, నాకేమీ అనిపించదు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి మాత్రం ఆ సీరియల్‌కి వీరాభిమాని. తనకేమో పద్దెనిమిదేళ్లు! తను చూడని కాలం మీద తనకు మోజేమిటి?
– డాలస్ నుంచి ఒక తండ్రి

మీ అమ్మాయినే కాదు, తీసినవాళ్లనూ ఇదే అడగొచ్చు. డఫర్ బ్రదర్స్ కవలలు 1984 ఫిబ్రవరిలో పుట్టారు. సీరియల్ కథ మొదలయ్యేది 1983 నవంబరులో. అంటే వాళ్లు అప్పటికింకా తల్లి కడుపులో ఉన్నారు. వాళ్లు తీసింది ఎనభైలను కాదు, ఎనభైల్లో వచ్చిన సినిమాలను. మీ అమ్మాయికి నచ్చుతున్నది బహుశా సైకిల్ మీద పిల్లలు ఫోన్ లేకుండా చీకటి పడేదాకా తిరగడం. డాలస్‌లో ఇప్పుడది కుదరదు కదా.

అయినా ఆ సీరియల్ ఒక పాత పాటను ఎలా వాడుకుందో చూడండి. కేట్ బుష్ 1985లో పాడిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ నాలుగో సీజన్లో ఒక అమ్మాయి ప్రాణం నిలబెడుతుంది. వాక్‌మన్‌లో ఆ పాట మోగితే తప్ప ఆమె రాక్షసుడి పట్టునుంచి బయటపడలేదు. అక్కడ పాట అలంకారం కాదు, తాడు. 2022లో అది బ్రిటన్‌లో నంబర్ వన్‌కి ఎక్కింది, విడుదలైన 37 ఏళ్లకి.

మీకేమీ అనిపించకపోవడంలో వింతేమీ లేదు. మీదీ నాదీ వేరే సరుకు. తొంభైల్లో టీవీకి తగిలించి ఆడే వీడియో గేము కేసెట్టు మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది, గుర్తుందా? ఆశగా కిందికి నొక్కుకుంటూ పోతే పట్టుమని పది ఆటలే, అవే మళ్లీ మళ్లీ, ఒకచోట తుపాకీ మారుతుంది, ఇంకోచోట రంగు. రెడీ ప్లేయర్ వన్ మధ్యలో ఉన్న జాబితాలు చదువుతుంటే నాకు ఆ కేసెట్టే గుర్తొచ్చింది. చూశారా, నేను కూడా నోస్టాల్జియాలో పడిపోయాను.

రెడీ ప్లేయర్ వన్‌లోని ఎనభైలు ఒక తెల్ల కుర్రాడి ఎనభైలే అని మీకు అనిపించలేదా?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

అనిపించింది. అన్నిటికంటే బాధేమిటంటే రచయిత ఆ తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. వేడ్ ప్రాణస్నేహితుడు ఏచ్ ఒయాసిస్‌లో తెల్లబ్బాయి. బయట నల్లజాతి అమ్మాయి. ఆ వేషంలో ఉంటేనే లోకం మర్యాదగా చూస్తుందని ఆమెకు చిన్నప్పుడే నేర్పింది ఆమె తల్లి. ఒక నవల మొత్తం రాయాల్సిన సంగతి అది. కొన్ని పేజీల్లో ముగించేసి మళ్లీ వేటలో పడతారు.

మన ఆదిత్య 369 మాత్రం తక్కువా? దాన్ని వదిలేసి ఎక్కడివో చెప్తారేం?
– రైల్వే ఉద్యోగి, రాజమండ్రి

వదల్లేదండీ, మీరే అందుకున్నారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసినప్పుడు అది నోస్టాల్జియా సినిమా కాదు. కాలయంత్రం ఒకసారి 1526కి, కృష్ణదేవరాయల సభకి పోతుంది, ఇంకోసారి 2504కి. ఆ రోజుల్లో మనం ఎదురుచూసింది ముందుకే. 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైనప్పుడు హాలుకి పోయామే, అది మాత్రం నూటికి నూరుపాళ్లు బెంగే.

నేనూ పోయాను. నా వెనక సీట్లో ఒకాయన, యాభై ఉంటాయేమో, ప్రతి డైలాగునీ తెర కంటే అరక్షణం ముందే చెప్పేస్తున్నాడు. పక్కనున్న కూతురు ‘నాన్నా, ప్లీజ్, ఆపు’ అంటోంది. ఆయన ఆపడు. పైన వార్‌గేమ్స్ ఘట్టాన్ని ఎగతాళి చేశాను కదా, ఇది అదే పని. ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఆయనకు మార్కులేసేవాడు లేడు, కూతురు తప్ప.

ఈ కోవలో నిజంగా చూడాల్సింది 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’. హీరో 1998కి వెనక్కి పోయేది పాత వస్తువులు చూసి మురిసిపోవడానికి కాదు, పోయిన తల్లి కోసం. ఆ ఏడాది మార్చినా నాకు కథ నడిచేది, తల్లిని తీసేస్తే నడవదు.

పుస్తకమా, సినిమానా? ఒకటే చెప్పండి.
– టెన్షన్ పెట్టకండి అంటూ రాసిన పాఠకురాలు, అనంతపురం

సినిమా. రెండు కారణాలు. ఒకటి, షైనింగ్ అనే పాత హారర్ సినిమాలోని హోటల్లోకి వేడ్, అతని స్నేహితులు దూరే ఘట్టం. అక్కడ ఏచ్ అసలు ఆ సినిమా చూడలేదు, భయపడుతూ బంతి వెనకాల నడిచిపోతుంటే, లిఫ్టు దగ్గర ఏం కాబోతోందో తెలిసినవాళ్లు నవ్వుతారు, తెలియనివాళ్లు ఏచ్‌తో కలిసి జడుసుకుంటారు. ఇద్దరికీ టికెట్టు డబ్బులు గిట్టాయి.

రెండోది చివరి ఘట్టం. పుస్తకంలోనూ ఉంది గానీ తెర మీదే బాగుంది. అటారీ అనే వీడియో గేముల కంపెనీలో వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ అడ్వెంచర్ అని ఒక గేము చేశాడు. ఆ రోజుల్లో చేసినవాడి పేరు ఎక్కడా వేసేవాళ్లు కాదు. ఆయన ఎవరికీ చెప్పకుండా లోపల ఒక గది కట్టి తన పేరు రాసుకున్నాడు. నేల రంగులోనే కలిసిపోయే ఒక చిన్న చుక్కను వెతికి పట్టుకెళ్తేనే ఆ గదిలోకి దారి. ఒక కుర్రాడు కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసేదాకా వాళ్లకే తెలియదు, అప్పటికి రాబినెట్ ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. సినిమాలో చివరి పరీక్ష ఆ గేమే. ఐఓఐ కంపెనీవాడు దాన్ని గెలుస్తాడు, గెలవగానే కాళ్లకింద మంచు పగిలి మునిగిపోతాడు. వేడ్ గెలుపు జోలికి పోడు. తీరిగ్గా గదులు తిరుగుతూ ఆ చుక్క కోసం వెతుక్కుంటాడు.

రెండో భాగం, రెడీ ప్లేయర్ టూ, చదవచ్చా?
– మళ్లీ కాకినాడ ఇంజనీరింగ్ విద్యార్థే

2020లో వచ్చింది. ఈసారి రెండు ముక్కల్లో చెప్పి తిట్లు తినను నాయనా. ఒక్క ముక్కలో చెప్తాను: వద్దు.