జాతీయగీతం రాసిన టాగూరే జాతీయవాదాన్ని ఎందుకు వద్దన్నారు?

దేశమంటే ఇష్టం లేకనా, బ్రిటిషువాళ్లకు భయపడా అని కొందరు అడుగుతారు. భయపడే మనిషైతే జలియన్‌వాలాబాగ్ తర్వాత, 1919లో సర్ బిరుదు వదులుకుంటారా? 1905లో బెంగాల్‌ను విడగొట్టినప్పుడు వీధుల్లోకొచ్చి రాఖీలు కట్టించింది, స్వదేశీ పాటలు రాసింది కూడా ఆయనే. ఆ ఉద్యమం లోపలుండి అంతా చూశాకే పక్కకు తప్పుకున్నారు.

ఏం చూశారన్నది నాకు అర్థమైంది మా మామ అంగడిలో. ప్రొద్దుటూరులో ఆయనది బొమ్మలు, సీరియల్ లైట్లు అమ్మే చిన్న అంగడి. 2020లో సరిహద్దులోని గల్వాన్‌లో చైనా సైన్యంతో గొడవయ్యాక కొందరు కుర్రాళ్లొచ్చి చైనా సరుకు అమ్మొద్దన్నారు. అదంతా వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్న సరుకు. "ఇది అమ్మకపోతే మునిగేది చైనావోడా, నేనా?" అని మామ అడిగితే దేశద్రోహి అన్నారు, ఒక పెట్టె బజార్లో పడేసి కాల్చి, ఫోన్‌లో వీడియో తీసుకుని పోయారు (ఆ ఫోన్ ఎక్కడ తయారైందో అడక్కండి).

తర్వాత టాగూర్ రాసిన ‘ఘరే బాయిరే’ చదివితే, 1916 నాటి ఆ నవలలో మా మామ కనిపించాడు. పేరు పంచు. అప్పు తెచ్చి విదేశీ బట్ట కొని అమ్ముకునే పేదవాడు. జమీందారు వంద రూపాయల జరిమానా వేసి బట్ట కాల్చెయ్యమంటే, నీకు డబ్బుంది కదా, నువ్వే కొని కాల్చుకో అంటాడు. చెప్పుదెబ్బలు పడతాయి, మూట తగలబడుతుంది, చుట్టూ వందేమాతరం నినాదాలు. ఇంకో జమీందారు నిఖిల్ అందరికంటే ముందే స్వదేశీ వస్తువులు వాడినవాడు, కానీ తన సంతలో పేదల మీద బలవంతం చెయ్యనివ్వడు. అందుకని ఊరంతా అతన్నే తిడుతుంది. టాగూర్ గొడవంతా ఇదే, భక్తి ఒకడిది, బిల్లు ఇంకొకడికి.

అదే ఏడాది జపాన్ వెళ్లి, పాశ్చాత్యుల జాతీయవాదం దారిలో పోవద్దని వాళ్ల మొహం మీదే చెప్పారు. మొదట నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఓడిన దేశపు కవి అని ఎగతాళి చేశారు. 1921లో గాంధీ విదేశీ బట్టలు కాల్చమంటే, ఒంటిమీద గుడ్డ లేని జనం ఉండగా ఇదేమిటని ఆయనతోనూ వాదించారు.

జాతీయవాదం మీద టాగూర్ ఉపన్యాసాల పుస్తకం కంటే ముందు ఈ నవల చదవండి. అందులో ఉద్యమ నాయకుడు సందీప్ మాటలు కొంచెం జాగ్రత్తగా చదవాలి, చాలాసేపు అతనే కరెక్ట్ అనిపిస్తాడు.