సేవింగ్స్ వడ్డీ లెక్క జనవరి నుంచే రాసుకోండి

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం ఫారం) చేతికొస్తే టాక్స్ పని అయిపోయినట్టే అనుకుంటారు. జీతం లెక్క కంపెనీ ఇస్తుంది, వడ్డీ లెక్క మాత్రం మనమే చూసుకోవాలి. ఇక్కడి బ్యాంకు ఏడాదిలో 10 డాలర్లు, ఆపైన వడ్డీ ఇస్తే 1099-ఐఎన్‌టీ అనే వడ్డీ ఫారం ఇస్తుంది. అది చాలాసార్లు పోస్టులో రాదు, ఆన్‌లైన్ అకౌంట్‌లో మనమే వెతుక్కోవాలి. ఫారం రాకపోయినా, వచ్చింది నాలుగు డాలర్లే అయినా రిటర్న్‌లో చూపించాల్సిందే. ఏడాది మధ్యలో మూసేసిన అకౌంట్‌ని మర్చిపోవద్దు.

అసలు చిక్కంతా ఇండియా అకౌంట్లతోనే. ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన ఇండియాలో దాచుకునే అకౌంట్) వడ్డీకి అక్కడ పన్ను లేదు కదా అని చాలామంది వదిలేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, టాక్స్ లెక్కల్లో మీరు ఇక్కడి రెసిడెంట్ అయ్యాక ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపించాలి. (ఎఫ్-1 వీసా మీద వచ్చిన స్టూడెంట్స్ మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్-రెసిడెంట్లే, వాళ్ల సంగతి వేరు.) ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే అకౌంట్) అయితే టీడీఎస్ (బ్యాంకు ముందే కోసే పన్ను) కోశాక మిగిలింది కాదు, కోతకు ముందున్న మొత్తం వడ్డీ వేయాలి. కట్ అయిన పన్నుకి ఫారం 1116తో క్రెడిట్ (ఇక్కడి పన్నులో తగ్గింపు) అడగొచ్చు గానీ అంతా వచ్చేస్తుందని లెక్కేసుకోవద్దు, రెండు దేశాల ఒప్పందం ప్రకారం వడ్డీ మీద ఇండియా పన్ను మామూలుగా 15 శాతం దాటకూడదు, అంతకు మించి కోసింది అక్కడ రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాల్సిందే.

ఇంకో తలనొప్పి, ఇండియా బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది, మనకి కావాల్సింది జనవరి నుంచి డిసెంబర్. అంటే 2025 రిటర్న్‌కి 2024-25లో చివరి మూడు నెలలు, 2025-26లో మొదటి తొమ్మిది నెలలు పనికొస్తాయి. అందుకే సర్టిఫికెట్ పక్కన పెట్టి, జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా స్టేట్‌మెంట్ దింపుకోండి. సేవింగ్స్ వడ్డీ సాధారణంగా మూడు నెలలకోసారి పడుతుంది కాబట్టి ఒక్కో అకౌంట్‌కి నాలుగు ఎంట్రీలే, తేదీ, రూపాయలు, టీడీఎస్ ఒక షీట్‌లో రాసుకుని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇచ్చే ఆ ఏడాది సగటు రేటుతో డాలర్లలోకి మార్చుకుంటే చాలు. ఏడాదికి మించిన క్యుములేటివ్ ఎఫ్‌డీ (వడ్డీ అంతా చివర్లో ఒకేసారి ఇచ్చే డిపాజిట్) ఉంటే మెచ్యూరిటీ దాకా ఆగకుండా ఏ ఏటి వడ్డీ ఆ ఏడే చూపించాలి.

ఎఫ్‌బార్ (విదేశీ అకౌంట్ల వివరాలిచ్చే రిపోర్ట్) దీనికి పూర్తిగా వేరు, అది వడ్డీని కాదు, బ్యాలెన్స్‌ని చూస్తుంది. విదేశీ అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా వేయాలి, అమ్మానాన్నలతో కలిసి ఉన్న జాయింట్ అకౌంట్ కూడా అందులోకే వస్తుంది.